చేతబడి నవలలు భయాన్ని పెంచాయా, ఉన్న భయాన్ని అమ్ముకున్నాయా?

పాతపుస్తకాలు:
మొన్న పాత పుస్తకాల గ్రూపులో ఒకాయన 1980ల నాటి క్షుద్ర నవలల అట్టల ఫొటోలు పెట్టారు. పుర్రె, నిమ్మకాయ, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, అన్నీ మామూలే. కింద సగం మంది "అబ్బ, ఆ రోజులే వేరు" అన్నారు. మిగతా సగం మంది "ఊళ్లను వెనక్కి నెట్టింది ఈ రచయితలే, చేతబడి హత్యల పాపం వీళ్లదే" అని తిట్టిపోశారు. అక్కడ తిట్లు తప్ప మాట సాగలేదు కాబట్టి ఇక్కడ మొదలుపెడుతున్నాను.

ఆ పాపం కథలకు అంటగట్టడం అన్యాయమని నా వాదన. మన సాహిత్యంలో మానవాతీత శక్తులు లేనిదెప్పుడు? మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల నిండా శాపాలు, మాయలే. విశ్వనాథ 'హాహాహూహూ'లో గంధర్వుడు ఏకంగా లండన్ నడిబొడ్డున పడతాడు. 'పాతాళ భైరవి' 1951లో వచ్చింది. నేపాళ మాంత్రికుడిని చూసి జనం ఈలలేశారు గానీ, హాలు నుంచి వస్తూ ఊళ్లో మాంత్రికుల కోసం వెతకలేదు.

చందమామ సంగతే చూడండి. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో దెయ్యమో, మాంత్రికుడో లేని సంచిక చూపించండి. దాన్ని 1952 నుంచి 1980లో చనిపోయేదాకా తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు, సైన్సు వ్యాసాలు రాసిన మనిషి. దెయ్యాల కథలు దిద్దడానికి ఆయనకు ఏ ఇబ్బందీ రాలేదు. అసలు భేతాళుడు చేసే పనేమిటి? కథ చెప్పి చిక్కు ప్రశ్న వేస్తాడు. తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగులుతుందంటాడు. శవంలో దూరిన భేతాళుడి దగ్గర మా తరం నేర్చుకున్నది తర్కం.

ఇక అందరూ వేలెత్తి చూపే 'తులసిదళం'. యండమూరి దాన్ని ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా రాశారు. ఒక పక్క మాంత్రికుడిని, ఇంకో పక్క డాక్టర్లను, హిప్నాటిజాన్ని పెట్టి, చేతబడి పాలైన పాపకు నయమవడానికి కారణం ఏదో పాఠకుడి తీర్పుకే వదిలేశారు. నమ్మమని ఎక్కడా చెప్పలేదు. కథను కథగా చదవలేనివాడి తప్పుకు రచయితను బోనెక్కిస్తామా?

సింగూరు_సారు:
పాతపుస్తకాలు గారూ, మీ లిస్టులో భేతాళుడున్నాడు, గంధర్వుడున్నాడు, నేపాళ మాంత్రికుడున్నాడు. వీళ్లలో ఎవరికీ మా ఊళ్లో ఇల్లు లేదు. నేను చెప్పదలచుకున్నది అంతా ఇందులోనే ఉంది.

నేను సంగారెడ్డి, జోగిపేట వైపు బడుల్లో పనిచేసి రిటైరయ్యాను. దెయ్యం పట్టిందంటే మా దగ్గర ఎవరి ప్రాణమూ పోదు. వేపమండలు, ఒక కోడి, రెండు దెబ్బలు, అంతటితో సరి. ఆ దెబ్బలు కూడా తప్పే, కాదనను. కానీ "ఎవరో చేసిన్రు" అన్న మాట వచ్చిందనుకోండి, అప్పుడు చేసినవాడెవరని వెతకడం మొదలవుతుంది. దొరికేది ఎప్పుడూ ఒకే రకం మనుషులు. వెనకాముందూ ఎవరూ లేని ముసలమ్మ, చెట్ల మందులిచ్చే ముసలాయన, గట్టు తగాదా ఉన్న దాయాది. కొడతారు, పళ్లు ఊడగొడతారు. పళ్లు లేకపోతే నోట మంత్రం పలకదని నమ్మకం. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను పట్టపగలు నలుగురూ కూర్చున్న కులసంఘం మీటింగ్‌లోనే చంపేశారు. పేపర్లన్నీ రాశాయి.

దెయ్యం కథలో కారకుడు చచ్చినవాడు. చేతబడి కథలో కారకుడు బతికున్నవాడు, మనలో ఒకడు. ఈ రెంటినీ 'మానవాతీత సాహిత్యం' అని ఒకే గాటన కట్టి చందమామను అడ్డం పెట్టుకుంటే ఎలా?

అమలాపురం_అబ్బాయ్:
సార్, మీకు ఎదురు చెప్పేంతవాడిని కాను గానీ ఒక డౌటు. ఆ పళ్లు ఊడగొట్టినవాళ్లలో వారపత్రిక చందాదారులు ఎంతమంది ఉంటారంటారు?

మా గోదావరి జిల్లాల్లో, పైన ఏజెన్సీలో దీన్ని చిల్లంగి అంటారు. తెలుగులో నవల పుట్టకముందు నుంచీ ఉన్న భయం అది. చిల్లంగి పేరుతో మనుషుల్ని చంపిన ఊళ్లలో లైబ్రరీ ఉండదు, బస్సు కూడా సరిగా ఉండదు. అక్కడికి నవల వెళ్లి చెడగొట్టిందంటే నాకు నవ్వొస్తోంది.

'ఓ స్త్రీ రేపు రా' గుర్తుందా ఎవరికైనా? తొంభైల్లో ఆడదెయ్యం వస్తుందన్న భయంతో ఊళ్లకు ఊళ్లే ఆ మాట తలుపుల మీద రాసుకున్నాయి. బెంగళూరులో అదే 'నాళె బా'. అది ఏ రచయిత రాశాడు? ఏ పత్రికలో సీరియల్‌గా వచ్చింది? వాట్సాప్ లేదు, చేతిలో ఫోన్ లేదు. పుకారు బస్సెక్కి వచ్చింది. మా మామ్మకు చదువు రాదు, నా చేత బొగ్గుతో రాయించింది. "దెయ్యానికి తెలుగు చదవడం వచ్చా మామ్మా?" అంటే వీపు మీద ఒకటిచ్చింది. జనం నోట్లో నుంచి కథ వస్తుంది, రచయిత దాన్ని ఎత్తుకుంటాడు. మీరు ఉల్టాగా చూస్తున్నారు.

నీలవేణి_ఎస్:
అబ్బాయ్, మామ్మ సంగతి బాగుంది. కానీ ఓ స్త్రీ విషయంలో ఎవరి పళ్లూ ఊడలేదు, గమనించావా? సార్ చెప్పిన తేడా అక్కడే ఉంది. ఆ ఆడదెయ్యానికి చుట్టాలు లేరు, పొలం లేదు, ఎవరింటికెళ్లి కొట్టాలో తెలియదు. అందుకే తలుపు మీద రాసుకుని పడుకున్నారు.

ఆ వారపత్రికలు మా ఇంట్లో అమ్మ, పిన్ని, అద్దెకున్న అక్కయ్య వంతులేసుకుని చదివేవారు. పాప ఒంటి మీద ఏదో జరిగే వారం వచ్చిందంటే మా అమ్మ నన్ను పెరట్లోకి ఒంటరిగా పంపేది కాదు. అయితే మా ఇంట్లో ఎవరూ ఎవరినీ చంపలేదు. కాబట్టి 'నవల చదివి హత్య చేశారు' అనే వాదన నాదీ కాదు. హంతకుల మీద ఆ నవలల ప్రభావం సున్నా అనే అనుకుందాం.

ఆ నవలల్లో నిజంగా కొత్తదేమిటో చూడండి. అంతకుముందు చేతబడి అంటే పల్లెటూళ్ల గోల, చదువుకున్నవాళ్లు నవ్వేసేవాళ్లు. ఈ నవలలు దాన్ని పట్నంలో ఇంజినీరు ఇంటికి తెచ్చాయి. కాన్వెంట్‌కు వెళ్లే పిల్లకు చేతబడి. ఎక్స్‌రేలు తీస్తారు, పెద్ద డాక్టర్లు వస్తారు, అంతుపట్టదంటారు. మీరు మెచ్చుకుంటున్న ఆ రెండు దారుల ముగింపే నాకు ఎక్కువ అభ్యంతరం. 'సైన్సూ కావచ్చు, మంత్రమూ కావచ్చు' అని రెంటినీ పక్కపక్కన సమానమైన కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. ఆ కుర్చీ మంత్రానికి అంతకుముందు లేదు. రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని రాసింది ఊరికే కాదు. ఆ గొడవ కోర్టు దాకా వెళ్లింది కూడా. ఆవిడ భాషతో నాకు పేచీ ఉంది, కానీ ఆ రోజుల్లో ఆ మాట అనడానికి ముందుకొచ్చింది ఎంతమంది?

ఇంతకీ దెబ్బ ఎక్కడ తగిలిందంటే, అడ్డం పడాల్సిన మనిషి మీద. ఊళ్లో ఒక ముసలమ్మ మీద మాట లేచినప్పుడు "ఛీ, నోరుముయ్యండి" అనాల్సినవాళ్లు కొందరుంటారు. టీచరు, ఆర్‌ఎంపీ డాక్టరు, సర్పంచు కొడుకు, స్టేషన్‌లో రైటరు. వీళ్లు చదివారు ఆ సీరియళ్లు. చదివి "ఏమో, సైంటిస్టులకే తెలియదట, మనమెంత" అనడం నేర్చుకున్నారు. గొడ్డలి పట్టుకున్నవాడికి నవల అక్కర్లేదు. వాడి చెయ్యి పట్టుకోవాల్సినవాడికి 'ఏమో' అనే మాట ఇచ్చింది నవల.

పాతపుస్తకాలు:
నీలవేణి గారూ, బాగా రాశారు. కానీ ఇది ఊహ. చదువుకున్నవాళ్లు 'ఏమో' అనడం సీరియళ్లతో మొదలైందనడానికి ఆధారమేమిటి? మా తాతగారు స్కూలు ఇన్‌స్పెక్టరు, ఏ సీరియలూ చదవలేదు, అమావాస్య రాత్రి నాలుగు రోడ్ల కూడలి దాటేవారు కాదు.

ఇంకో సంగతి. కథకు అంత శక్తే ఉంటే 'కన్యాశుల్కం' ఏం చేసింది? గురజాడ ఆ నాటకం మొదట 1897లో అచ్చయింది, పెంచి రాసిన రూపం 1909లో వచ్చింది. అందులో గవరయ్య దెయ్యాన్ని సీసాలో బిగించానని చేసే హడావుడి చదివి నవ్వని తెలుగువాడు లేడు. దెయ్యమూ లేదు, పాడూ లేదు, అంతా వేషమని చూసేవాడికి ముందే తెలుసు. నూరేళ్లకు పైగా ఆడుతున్నాం, పాఠాల్లో చదువుతున్నాం. సీసాల గవరయ్యలు తగ్గారా? ఇప్పుడు యూట్యూబ్‌లో కూర్చున్నారు. మంచి చెయ్యడానికి చాలని బలం చెడు చెయ్యడానికి ఎక్కడి నుంచి వచ్చింది? కథకు బలం ఉందనండి, లేదా లేదనండి. మీకు కావలసినప్పుడు ఉండి, అక్కర్లేనప్పుడు పోదు.

నీలవేణి_ఎస్:
గవరయ్యను చూసి నవ్వేది మనం, భయపడేది లుబ్ధావధాన్లు. నవ్వించే కథ ముగియగానే మరిచిపోతాం. భయపెట్టే కథ రాత్రి పక్కలోకి వస్తుంది. రెండింటి బలం సమానమని ఎవరన్నారు?

పోనీ డబ్బు లెక్క చూడండి. ఆ రోజుల్లో వారపత్రికల్లో వశీకరణ ఉంగరాలు, తాయెత్తుల ప్రకటనలు వచ్చేవి. రోగాలు తగ్గిస్తామంటూ తాయెత్తుల్లాంటి వాటి ప్రకటనలు వేయకూడదని 1954 నుంచే కేంద్ర చట్టం ఉంది, పట్టించుకున్నవారు లేరు. సీరియల్‌లో భయం, వెనక పేజీలో విరుగుడు. గవరయ్య వేషం బయటపెడితే ఆ ఉంగరం అమ్ముడవుతుందా?

డాక్టరమ్మ_కర్నూలు:
సైకియాట్రీ చేస్తున్నాను కాబట్టి రెండు ముక్కలు. మీరంతా పుస్తకాల గురించి మాట్లాడుతున్నారు, నా దగ్గరికి వచ్చేవాళ్లు సినిమాల గురించి మాట్లాడతారు.

పూనకం, గాలి సోకడం, బాణామతి పేరుతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, అందులోనూ కొత్త కోడళ్లు. మెదక్, బీదర్ వైపు బాణామతి అంటే కుక్కలా మొరగడం, దొర్లడం, అకస్మాత్తుగా కేకలు. నటన అని కొట్టిపారేయకూడదు. ఆ పిల్లకు మామూలుగా నోరెత్తే వీలు ఉండదు. గాలి సోకిన అరగంటలో మాత్రం అత్తను ఏమైనా అనొచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. వైద్య పుస్తకాల్లో దీనికి పేరుంది, చికిత్స ఉంది. ఎక్కువభాగం మాట్లాడటమే చికిత్స.

కొన్ని మాత్రం మెదడు జబ్బులు. ఎన్‌ఎండీఏ ఎన్‌సెఫలైటిస్ అని ఒకటుంది, 2007లో దానికి ఆ పేరు పెట్టారు. మంచిగా ఉన్న అమ్మాయి కొద్ది రోజుల్లో వింతగా ప్రవర్తిస్తుంది, కేకలేస్తుంది, నోరు వింతగా తిప్పుతుంది, తర్వాత ఫిట్స్. కొందరిలో అండాశయంలో గడ్డ ఉంటుంది, అది తీసేసి మందులు ఇస్తే చాలామంది మామూలు మనుషులవుతారు. 2007కి ముందు ఇలాంటి పిల్లలు ఎంతమంది వేపమండల కింద పోయారో. 'డాక్టర్లకే అంతుపట్టలేదు' అని నవలల్లో రాసినప్పుడు, ఆనాటికి అది కొన్ని కేసుల్లో నిజమే. అంతుపట్టకపోవడం దగ్గర ఆగాలి. అక్కడి నుంచి 'కాబట్టి చేతబడి' అని దూకకూడదు.

నేను చెప్పాలనుకున్నది మాత్రం ఇది. 'చంద్రముఖి' 2005లో వచ్చింది, 1993 నాటి మలయాళ సినిమా దానికి మూలం. అందులో దెయ్యం లేదు, మనసు రెండుగా చీలింది, నయం చేసేది సైకియాట్రిస్టు. ఆ సినిమా వల్ల "మా అమ్మాయిది చంద్రముఖి కేసు మేడమ్" అంటూ నేరుగా ఓపీకి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. నవ్వొచ్చినా సరే, వచ్చారు కదా! క్లైమాక్స్‌లో డాక్టరే భూతవైద్యం సెట్టింగ్ వేయించడం నాకు నచ్చదు, అది వేరే విషయం. కథ ఒక పేరు ఇస్తుంది. ఇంట్లో తెలియనిది ఏదో జరుగుతున్నప్పుడు, అందుబాటులో ఏ పేరు ఉంటే ఆ పేరు పెడతారు. అది 'చేతబడి' అయితే పక్కింటికి పోతారు, 'చంద్రముఖి' అయితే నా దగ్గరికి వస్తారు.

అమలాపురం_అబ్బాయ్:
డాక్టరమ్మ గారూ, నిద్రలో గుండెల మీద ఎవరో కూర్చుని కదలనివ్వని దెయ్యం కూడా జబ్బేనా? నాకు పరీక్షలప్పుడల్లా వచ్చేది.

డాక్టరమ్మ_కర్నూలు:
నిద్ర పక్షవాతం అంటారు. మెదడు లేచింది, ఒళ్లు ఇంకా లేవలేదు. ప్రమాదం ఏమీ లేదు. సరిగా నిద్రపోండి.

డల్లాస్_బాబాయ్:
అమెరికా నుంచి చదువుతున్నాను, ఇక ఉండబట్టక రాస్తున్నాను. మొదట చేతబడి అన్నారు, తర్వాత పూనకం జబ్బన్నారు, రేపు అమ్మవారు లేదంటారు. మీ లెక్కలో లష్కర్ బోనాల్లో రంగం (భవిష్యవాణి) చెప్పే ఆవిడ కూడా పేషెంటేనా? పచ్చి కుండ మీద నిలబడి చెప్పే మాట కోసం వేలమంది ఎదురుచూస్తారు, మంత్రులు వచ్చి నిలబడతారు. కలరా వచ్చి జనం పోతుంటే మొక్కుకుని ఉజ్జయినీ మహంకాళిని ప్రతిష్ఠించుకున్న ఊరు అది. ఆ నమ్మకమే జనాన్ని నిలబెట్టింది. హేతువాదులకు మన దేవుళ్లే దొరుకుతారు ఎప్పుడూ.

డాక్టరమ్మ_కర్నూలు:
బాబాయ్ గారూ, నేను ఆ మాట అనలేదు. గుడిలో, పండగలో, నలుగురి మధ్య, సమయానికి వచ్చి సమయానికి పోయే పూనకాన్ని మా పుస్తకాలే జబ్బు అనవు. మనిషికి బాధ కలిగిస్తూ, పనులు సాగనివ్వకుండా, అదుపు లేకుండా వచ్చేదే జబ్బు. ఆ గీత చాలా స్పష్టంగా ఉంది.

సింగూరు_సారు:
బాబాయ్, మీరే మంచి ఉదాహరణ ఇచ్చారు. కలరాకు, మశూచికి కారణం అమ్మవారి కోపం అనుకున్నప్పుడు ఊరంతా కలిసి బోనం ఎత్తింది. ఎవరినీ కొట్టలేదు. అదే కలరాకు కారణం ఫలానా ఇంటి ముసలమ్మ అనుకుని ఉంటే? రోగం అదే, తెలియనితనమూ అదే. కథలో కారకులుగా ఎవరిని నిలబెట్టామన్నదే తేడా. అమ్మవారి జోలికి నేను పోను. మా ఇంట్లోనూ బోనం ఎత్తుతారు.

కొత్తగూడెం_కుర్రాడు:
నేను షార్ట్ ఫిల్మ్స్ తీస్తాను, హారర్ అంటే ప్రాణం. పుస్తకాల రోజులు పోయాయి సార్, ఇప్పుడు తిట్టాలంటే మమ్మల్ని తిట్టాలి. 'మా ఊరి పొలిమేర' 2021లో ఓటీటీలో వచ్చింది, 2023లో రెండో భాగం థియేటర్లలో ఆడింది. అదే ఏడాది 'విరూపాక్ష' పెద్ద హిట్. చేతబడికి మార్కెట్ ఉంది, అది ఒప్పుకుందాం.

'విరూపాక్ష' మొదటి సీనే తీసుకోండి. 1979లో ఒక ఊళ్లో క్షుద్రపూజలు చేస్తున్నారని భార్యాభర్తలను చెట్టుకు కట్టి తగలబెడతారు. ఆ సీను భయంకరంగా ఉంటుంది, జనం తప్పు చేస్తున్నారనే అనిపిస్తుంది. ఇంటర్వెల్ తర్వాత

మోడరేటర్:
స్పాయిలర్ వస్తోంది, చూడనివాళ్లు ఈ ఒక్క పోస్టూ దాటేయండి. కుర్రాడూ, ఇకపై ముందే హెచ్చరించండి.

కొత్తగూడెం_కుర్రాడు:
సారీ, సగంలో పోస్ట్ అయిపోయింది. ఇంటర్వెల్ తర్వాత ఊళ్లో వరుస చావులు, వాటి వెనక నిజంగానే ప్రయోగం. సినిమాగా సూపర్. కానీ ఈ థ్రెడ్ చదివాక ఒకటి తట్టింది. ఆ ప్రపంచంలో చేతబడి పనిచేస్తుంది. పనిచేసే ప్రపంచంలో, చేసేవాళ్లను అనుమానించిన ఊరు పిచ్చిది కాకుండా పోతుంది. డైరెక్టర్ ఉద్దేశం అది కాదు, ఆ జానర్‌లోనే ఉంది చిక్కు. మరి ఏం చేయాలి? సిగరెట్ సీను కింద వేసినట్టు 'చేతబడి కల్పితం' అని వేస్తే సరిపోతుందా? బ్యాన్ చేయమంటారా?

పాతపుస్తకాలు:
ఇదిగో, నేను మొదటి నుంచీ భయపడుతున్నది ఇక్కడికి వస్తుందనే. ఈరోజు చేతబడి కథ, రేపు దెయ్యం కథ, ఎల్లుండి పురాణం. కథలో ఏది పనిచేయాలో సర్కారు చెబుతుందా?

నీలవేణి_ఎస్:
బ్యాన్ అని ఇక్కడ ఎవరూ అనలేదు. నేనైతే ససేమిరా ఒప్పుకోను. చట్టాలు చేసిన చోట కూడా కథల జోలికి పోలేదు. మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడిన దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపాక, కొద్ది రోజుల్లోనే ఆర్డినెన్స్ తెచ్చారు, డిసెంబరులో చట్టమైంది. కర్ణాటకలో 2017లో చట్టం చేశారు. అంతకుముందే 2001లో జార్ఖండ్ చేసిన చట్టం నాకు అన్నిటికంటే నచ్చుతుంది. ఒక ఆడమనిషిని డాయన్ (మంత్రగత్తె) అని పేరు పెట్టడమే అక్కడ నేరం. కొట్టేదాకా ఆగక్కర్లేదు. నిజానికి శిక్ష చిన్నది, అమలు అంతంతమాత్రం. కానీ సార్ చెప్పిన చోటే గీత గీశారు. దెయ్యాన్ని నమ్ముకో, మొక్కుకో, పక్కింటి ఆమె పేరు మాత్రం ఎత్తకు. మన దగ్గరా ఇలాంటి చట్టం కావాలని హేతువాద సంఘాలు అడుగుతూనే ఉన్నాయి.

రచయితను నేను అడిగేది చట్టం కాదు, విమర్శ. గవరయ్యను మెచ్చుకునే హక్కు నాకుంటే, ఆ రెండు కుర్చీల ముగింపును తిట్టే హక్కూ ఉంటుంది. 'కథే కదా' అన్నది జవాబు కాదు.

సింగూరు_సారు:
చట్టం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ఊరుకుంటాను. నేను పనిచేసిన ఒక ఊళ్లో నా విద్యార్థి తాతకు చెట్ల మందు తెలుసు. పాము కరిస్తే, కామెర్లు వస్తే ఆయన దగ్గరికే పోయేవారు. ఆ మందు పనిచేసిందా లేదా అన్నది పక్కన పెట్టండి. ఒక ఏడాది పశువులు వరసగా చచ్చాయి, ఒక చిన్న పిల్లవాడు జ్వరంతో పోయాడు. నిన్నటిదాకా మందిచ్చిన చెయ్యే మంత్రం చేసిందన్నారు. బతికించేవాడికి చంపడం కూడా తెలిసి ఉంటుందని వాళ్ల లెక్క. పంచాయతీ పెట్టారు. అక్కడ డిగ్రీ చదివినవాళ్లు ఉన్నారు, ఉద్యోగం చేసేవాళ్లు ఉన్నారు. నీలవేణి మేడమ్ చెప్పిన 'ఏమో' నేను అక్కడ చెవులారా విన్నాను. "మనకెందుకు సార్, ఉండొచ్చు కూడా" అన్నాడు నా పక్కన కూర్చున్నతను. ఆయన ఇంట్లో నవలలు బీరువా నిండా ఉండేవి. దానికీ దీనికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను. ఆ ముసలాయన్ని రాత్రికి రాత్రి కూతురి ఊరికి పంపించేశాం, ప్రాణం దక్కింది. తిరిగి రాలేదు.

తర్వాత ఊళ్లోకి జనవిజ్ఞాన వేదికవాళ్లు వచ్చి మ్యాజిక్ షో చేశారు. నిమ్మకాయలోంచి రక్తం, నోట్లో కర్పూరం మంట, అన్నీ చేసి, ఎలా చేశామో కూడా చూపించారు. పిల్లలు ఎగబడి నేర్చుకున్నారు. పెద్దవాళ్లు "ఇది ట్రిక్కే, అసలుది వేరే ఉంటుంది" అన్నారు.

పాతపుస్తకాలు:
సార్, ఆ చివరి వాక్యం నా వైపు వాదన. చూపించినా నమ్మనివాళ్లు పుస్తకం చదివి మారతారా? నమ్మకానికి కారణం పుస్తకం కాదు. చచ్చిన పిల్లవాడికి ఆ జ్వరం ఏమిటో చెప్పే డాక్టరు ఆ ఊళ్లో లేకపోవడం. పశువుల డాక్టరు రాకపోవడం. ఆ ఖాళీని ఎవరో ఒకరు కథతో నింపుతారు. సీరియల్ లేకపోతే పక్క ఊరి మాట నింపుతుంది. మీ బీరువా ఆయన కూడా నవలలు చదవకపోయినా ఆ రోజు నోరెత్తేవాడు కాదు. పిరికితనానికి పుస్తకం అక్కర్లేదు.

దెయ్యం కథ, చేతబడి కథ ఒకటి కాదన్న మీ మాట మాత్రం ఉంచుకుంటాను. ఆ రెంటినీ కలిపి ఒక సంకలనం వేయాలని మా మిత్రులు అనుకుంటున్నారు, విడదీయమని చెబుతాను.

డల్లాస్_బాబాయ్:
సంకలనం వస్తే చెప్పండి, నాకొకటి కావాలి. దెయ్యాలది.

కొత్తగూడెం_కుర్రాడు:
ఇక నా గోల వినండి. నా స్క్రిప్టులో ఒక ముసలమ్మ ఉంది. ఊరంతా మంత్రగత్తె అంటుంది, హీరో ఒక్కడే కాపాడతాడు. చివర్లో ట్విస్ట్, ఆవిడ నిజంగానే మంత్రగత్తె. ఆ ట్విస్ట్ చూసే ప్రొడ్యూసర్ ఓకే అన్నాడు. ఇప్పుడు మీ అందరి పుణ్యమా అని రెండు రోజులుగా నిద్ర లేదు.

నీలవేణి_ఎస్:
ట్విస్ట్ తిప్పేయ్. ఆవిడ ఏమీ చేయలేదు, ఊరికి ఆ సంగతి ముందే తెలుసు. ఆవిడ ఇంటి స్థలం ఎవరికి కావాలో అక్కడ పెట్టు నీ సస్పెన్స్.

కొత్తగూడెం_కుర్రాడు:
బాగుంది మేడమ్. కానీ మొదటి సీన్లో ఒక పిల్లవాడు చచ్చిపోతాడు కదా, వాడు దేనివల్ల పోయినట్టు? ఆడియన్స్ అడుగుతారు.

డాక్టరమ్మ_కర్నూలు:
డెంగీ.

కొత్తగూడెం_కుర్రాడు:
డెంగీ అంటే ప్రొడ్యూసర్ లేచి వెళ్లిపోతాడు మేడమ్.